ఉప్పు తిన్న నీళ్ళు

కాగితం మీద నేను రాసింది ఒక్కటే మాట:
కనబడలేదు.

సముద్రపు పాయ ఒడ్డున
ఎంబేయు తన నీళ్ళ బడ్డీ రేకుకి
మొక్కజొన్న పిండి జావతో దాన్ని అంటించింది.
పసుప్పచ్చ జెర్రీకేను నింపితే ఐదు షిల్లింగులు.
చదువు రానివాళ్ళు కూడా
అడుగున మా మొంబాసా లాబొరేటరీ ముద్ర చూసి
తాగారు.

కనబడలేదు అన్నదాన్ని
లేదు అని చదువుకున్నారు వాళ్ళు.
రాసినదాన్ని, నేనూ అలాగే చదువుకున్నాను.

సీసాన్ని కొలవడమంటే నీడను కొలవడం.
ఇటు దీపంలో సీసం వెలుగుతుంటుంది.
అటు గ్రాఫైట్ గొట్టంలో, వేలెడు కూడా లేని గొట్టంలో,
చుక్క నీరు
నూట ఇరవై డిగ్రీల దగ్గర ఆరుతుంది
ఐదొందల దగ్గర మసి అవుతుంది
పద్ధెనిమిది వందల దగ్గర
దాచుకున్నదంతా పరమాణువులై లేచి
తమ జాతి వెలుగును తామే మింగుతుంది.
ఎంత మింగితే అంత లెక్క.

లేచేదాకా ఉంటే కదా.

ఆ బోరులోకి ఏళ్ళుగా సముద్రం ఎక్కుతోంది.
ఉప్పు తిన్నవాడు ఉప్పుకి ద్రోహం చెయ్యడంటారు.
సీసమూ చెయ్యలేదు.
క్లోరైడుతో కలిసి
మసి అయ్యే వేళకే, నేనింకా కన్ను తెరవకముందే,
గొట్టం కంతలోంచి ఆవిరై జారుకుంది.
తెర మీద నాకు మిగిలింది
సంత ఎత్తేశాక మైదానం.

ఫోండో ముసలాయన రిటైరై ఆరేళ్ళు.
అయినా గురువారాలు వస్తాడు, టీ కోసం అంటాడు.
నా గీతను చూసి
"మరీ చదునుగా ఉంది కడ్జో," అన్నాడు.
"ఆ నీళ్ళకి కొంచెం అప్పిచ్చి చూడు."

ఇరవై మైక్రోగ్రాముల సీసం అప్పిచ్చాను, నా చేత్తో కొలిచి.
ఎనిమిది తిరిగొచ్చింది.
పన్నెండు ఎగ్గొట్టింది,
నా కళ్ళముందే, కిమ్మనకుండా.

ఆయన అరలోంచి ఒక సీసా తీశాడు. అమోనియం ఫాస్ఫేట్.
నాకు నవ్వొచ్చింది.
ఫాస్ఫేటంటే నాకు పాత పగ.
కిలిఫీలో మట్టి పరీక్షలు చేసే రోజుల్లో
కాల్షియాన్ని మంటలో కూడా విడిచేది కాదది;
సున్నపు నేలను సున్నం లేని నేలగా చూపించేది.
లాంథనం పోసి, దాన్ని ఎరగా వేసి,
ఇదిగో దీన్ని పట్టుకో, దాన్నొదులు అని
బతిమాలాల్సి వచ్చేది.

"దీన్నా పోసేది?"
"దానికి తెలిసింది పట్టుకోవడమొక్కటే.
అక్కడా అదే చేసింది, ఇక్కడా అదే చేస్తుంది.
ఎవర్ని, ఎంతసేపు అన్నది
నువ్వు చూసుకోవాలి," అని
టీలో మూడో చెంచా పంచదార వేసుకున్నాడు.

పోశాను.
ఈసారి సీసం కదల్లేదు.
వేడి ఎక్కుతున్నా కూర్చునే ఉంది
పేరు పిలిచేదాకా కూర్చున్న సాక్షిలా.
అప్పిచ్చిన ఇరవైలో పందొమ్మిదిన్నర చేతికొచ్చింది.
అప్పు తీసేస్తే, నీళ్ళ సొంత సొమ్ము
లీటరుకి ముప్పై నాలుగు.
పది దాటకూడదు.

మటాటూ దిగి నడిచాను.
బడ్డీ వెనక, పాత బ్యాటరీలు పగలగొట్టిన పెరట్లో
మేకలు నల్లటి అట్టముక్కలు నములుతున్నాయి.
ఎంబేయు కొత్త కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది.
"నీళ్ళు మారాయా?"
లేదు. నేను అడిగిన తీరు మారింది.
"మరి జూన్ నుంచీ తాగినవి?"

నా దగ్గర దానికి పద్ధతి లేదు,
ఏ సీసాలోనూ లేదు.

పాత కాగితం చింపబోయాం.
ఎండకి జావ రాయిలా బిగుసుకుంది.
పేలికలుగా ఊడింది గానీ నడిమధ్యన
ఆ ఒక్క మాట
రేకుని పట్టుకుని రాలేదు.
చెరో వైపు నుంచీ
గోళ్ళతో గీకుతున్నాం ఇద్దరం.
వెనక జెర్రీకేన్లతో వరస పెరుగుతోంది.